ఆఖరి అరగంట

ఆ సంవత్సరం నాకు బాగా నచ్చిన సినిమాలు అయిదు. వాటిలో ఒక్కటి కూడా నేను చూడలేదు.

నేను సిటీ బస్సు డ్రైవర్ని. స్టీరింగు పట్టిన దగ్గర్నుంచి ఒక్క యాక్సిడెంటు లేదు. చివరికి పడ్డది కూడా డ్యూటీలో కాదు. కొత్త సినిమా, మొదటిరోజు, మొదటి ఆట. టికెట్ చేతికొచ్చిన ఆనందంలో థియేటర్ మెట్లు రెండేసి చొప్పున ఎక్కబోయాను. ఎడమ మోకాలి చిప్ప పగిలింది. టికెట్ మాత్రం నలగలేదు.

ఆపరేషన్ అయి, కట్టు విప్పేసరికి వానలు మొదలయ్యాయి. మోకాలు కర్రలా బిగుసుకుపోయింది. డిపో నుంచి కబురు సూటిగా వచ్చింది. వానలు వెళ్లేలోగా వైద్య పరీక్ష. కాలు మడిచి క్లచ్ తొక్కగలిగితే డ్రైవర్ సీటు నాది. లేకపోతే గేటు దగ్గర స్టూలు నాది. వచ్చే బస్సుకి గొలుసు విప్పాలి, పోయాక గొలుసు వెయ్యాలి. రిటైరయ్యేదాకా అదే పని.

“ఇంకొంచెం వంచండి,” అంది ఫిజియోథెరపీ అమ్మాయి. మనిషి పిట్టంత ఉంటుంది. పట్టు ఉడుంపట్టు.

“వంచాను.”

“మీరు వంచింది మెడ. నేనడిగేది మోకాలు.”

మంచం అంచున కూర్చుని, పాదం నేలమీద ఆనించి, మడమని వెనక్కి మంచం కిందికి జరపాలి. వినడానికి అంతే. జరిపితే మోకాలి లోపల ఎవరో తుప్పు పట్టిన తలుపు తన్ని తెరుస్తున్నట్టుండేది. మూడోరోజున నేను పెట్టిన కేకకి వీధిలో వెళ్తున్న సైకిల్ ఆగింది.

“రేపట్నుంచి రావద్దు,” అన్నాను.

ఆ అమ్మాయి సంచీలోంచి సుద్దముక్క తీసి, మంచం కింద నేలమీద ఒక గీత గీసింది.

“మీ మడమ ఈ గీత దాటిన రోజున బస్సు మీది. దాటకపోతే నన్ను తిట్టుకోకండి.” గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

గది మూలన కూరగాయలు తరుగుతున్న మా అమ్మ తలెత్తింది. ఆవిడకి చెవులు కొంచెం మందం, కళ్లు మాత్రం చురుకు. “ఏరా, ఆ పిల్లని ఏడిపించి పంపేశావా?”

“ఏడ్చింది నేనమ్మా.”

మా ఆవిడకి పెద్దాసుపత్రిలో ఉద్యోగం, మందుల కౌంటర్లో. పొద్దున నా కాలు చూసుకోవచ్చని ఆ సీజనంతా మధ్యాహ్నం షిఫ్టు వేయించుకుంది. మర్నాడు పక్కన కూర్చుని, తనే నా పాదం పట్టుకుంది. నేను లాక్కున్నాను.

“ఇలాగే కూర్చుంటారా?”

“ఇంకేం చెయ్యమంటావ్? ఇవాళ శుక్రవారం. ఊరంతా కొత్త సినిమా చూస్తోంది. నేను ఫ్యాను చూస్తున్నాను.”

“చూడండి. దానికి ఇంటర్వెల్ కూడా ఉండదు.”

ఆమె కాసేపు నా మోకాలి వంక, కాసేపు సుద్దగీత వంక చూసింది.

“నేను చూసొచ్చి చెప్తాను.”

నాకు నవ్వాగలేదు. పెళ్లయ్యాక నేను తీసుకెళ్లిన ప్రతి సినిమాలోనూ ఆవిడ నిద్రపోయింది. ఒకసారైతే ఇంటర్వెల్లో లేచి, హీరో ఎవరండీ అని అడిగింది.

“నువ్వా?”

“నేనే. ఆసుపత్రి దారిలోనేగా థియేటరు. మార్నింగ్ షో చూసుకుని అటునుంచటే డ్యూటీకి పోతాను. రోజూ పొద్దున కొంచెం కొంచెం చెప్తాను. మీరు కాలు వంచినంతసేపే చెప్తాను. ఆపారా, నేనూ ఆపేస్తాను.”

“కథ కావాలంటే రైట్‌రైట్ గాడు చెప్తాడులే.”

రైట్‌రైట్ అంటే నా బస్సు కండక్టరు. డిపోలో వాడి అసలు పేరు జీతాలిచ్చే క్లర్కుకి తప్ప ఎవరికీ గుర్తులేదు. మా ఆవిణ్ణి చెల్లెమ్మా అంటాడు కాబట్టి నేను బావనయ్యాను.

“అన్నయ్యా?” అంది మా ఆవిడ. “ఆయన చెప్తే కథంతా గుద్దులే. కిందటిసారి మన స్టూలు విరగ్గొట్టాడు.”

అదీ నిజమే. ఒప్పందం కుదిరింది. కథ తెలిసిపోతే మజా ఉండదని, మా ఇంట్లో కొత్త సినిమాల మాటెత్తితే కాలు విరగ్గొడతానని రైట్‌రైట్‌కి ఫోన్ చేసి చెప్పాను. ప్రస్తుతానికి విరిగింది ఎవరిదో చూసుకోమన్నాడు వాడు.

శనివారం పొద్దున మొదటి సినిమా మొదలైంది.

“ఒకాయన ఉంటాడు. మీసాలు.”

“హీరోనా?”

“ఏమో. జీతం సరిగా ఇవ్వరు పాపం. అంటే హీరోనే అయ్యుంటాడు.”

“డైరెక్టరెవరు?”

“పేర్లు వేసేటప్పుడు నేను సీటు వెతుక్కుంటున్నాను. మడమ!”

మడమ జరిపాను. ఆ మీసాలాయన ఒక గోదాం కాపలావాడు. లోపల దొంగలు దూరారని తెలియక సాయంత్రం బయటినుంచి తాళం వేసేస్తాడు. దొంగలు లోపల, తాళంచెవి ఆయన దగ్గర. ఆయన గుమ్మం ముందే కూర్చుని అన్నం తింటున్నాడు. లోపల ఎవరో దగ్గు ఆపుకుంటున్నారు.

అక్కడ ఆపేసింది.

“దగ్గాడా?”

“కాలు.”

“ముందు చెప్పవే, దగ్గాడా?”

“ముందు కాలు.”

పళ్లు బిగబట్టి లాగాను. మోకాల్లో తుప్పు తలుపు ఇంకో అంగుళం తెరుచుకుంది.

“దగ్గాడు,” అంది.

వారమంతా అలాగే నడిచింది. గురువారానికి ముగింపు దగ్గరికొచ్చాం. కాపలావాడికి విషయం తెలిసిపోయింది. గుమ్మానికి అటు నలుగురు, ఇటు ఒక్కడు. నాకు ఒళ్లంతా చెమటలు. మా ఆవిడ ఫ్యాను వంక చూసి కొంచెంసేపు ఆగింది. తర్వాత చెప్పింది.

“ఆయన కర్ర పక్కన పెట్టేశాడు. తలుపుకి ఆనుకుని కూర్చున్నాడు. ఒరే అబ్బాయ్, నీ దగ్గు మంచిది కాదురా, ఎన్నాళ్లనుంచి, అని అడిగాడు.”

“దొంగనా?”

“దొంగకి దగ్గు రాదా? తెల్లారేదాకా మాట్లాడుకున్నారు. ఏం తింటున్నావు, రాత్రిళ్లు చెమట పడుతోందా, ఇంట్లో పిల్లలున్నారా. తెల్లారాక, తలుపు తియ్యి బాబాయ్, వస్తాం అన్నారు. తీశాడు. ఆయనే ఆసుపత్రికి తీసుకెళ్లాడు.”

“ఫైటు లేదా?”

“లేదు.”

“అంత పెద్ద గోదాం సెట్టు వేసి ఫైటు పెట్టలేదా?”

“దగ్గుతున్నవాడితో ఏం ఫైటు చేస్తాడండీ?”

ఊహ తెలిసిన దగ్గర్నుంచి సినిమాలు చూస్తున్నాను. అలాంటి ముగింపు ఎక్కడా చూడలేదు. ఆ రోజంతా తలుపుకి అటూ ఇటూ కూర్చున్న ఆ ఇద్దరే కళ్లముందు కనిపించారు.

రెండోది అక్కచెల్లెళ్ల కథ. ఒకే ఇంట్లో పై వాటాలో చెల్లెలు, కింది వాటాలో అక్క. ఏళ్లుగా మాటల్లేవు, ఇద్దరికీ చెరో లాయరు. కోర్టు సీనులో దుమ్ము లేచిపోతుందనుకున్నాను. కోర్టే లేదట. చెల్లెలు నీళ్ల మోటారు ఆపడం మరిచిపోయింది. ట్యాంకు పొర్లి అక్క వాకిలంతా నీళ్లు. అక్క అరవలేదు. మెట్లెక్కి వెళ్లి, మోటారు ఆపి, నిద్రపోతున్న చెల్లెలికి దుప్పటి కప్పి దిగి వచ్చింది. అంతే, అయిపోయింది. మూడోది రైల్లో హత్య. హంతకుణ్ణి పట్టించింది తుపాకీ కాదు, వేలిముద్రా కాదు. భోజనానికి ముందు వేసుకోవాల్సిన మాత్ర భోజనమయ్యాక వేసుకున్నాడు, దొరికిపోయాడు.

ఈ ఏడు సినిమావాళ్లకి ఏదో పట్టుకుంది అనుకున్నాను. ఫైట్లు మానేశారు. బాంబులు మానేశారు. ముగింపు అంటే ఏమిటో ఇన్నాళ్లకి తెలుసుకున్నారు. పరిశ్రమ బాగుపడిందని మా అమ్మకి గట్టిగా అరిచి మరీ చెప్పాను.

“అది సరేగానీ,” అంది అమ్మ. “ఆ దగ్గేవాడికి తగ్గిందిటా?”

మడమ మాత్రం గీత దగ్గరిదాకా వచ్చి మొరాయించింది. ఎంత లాగినా ఆ చివరి కొంచెం రాదు. వానలు పలచబడుతున్నాయి. పరీక్ష తేదీ దగ్గరపడింది. నాలుగో సినిమా మొదలైన వారమంతా, గేటు దగ్గర స్టూలుమీద కూర్చుని గొలుసు విప్పుతున్నట్టే కలలు.

ఆ బుధవారం రైట్‌రైట్ వచ్చాడు. పొద్దున్నే వాన. తడిసిన ఖాకీ చొక్కా పిండుకుంటూ నా ఎదురుగా కూర్చున్నాడు. మా ఆవిడ టీలు ఇచ్చి వంటగదిలోకి వెళ్లింది.

“డ్యూటీ అంటే చెల్లెమ్మని చూసి నేర్చుకోవాలి బావా,” అన్నాడు. “ఏ శుక్రవారమైనా సరే. ఒంటిగంట ట్రిప్పు, థియేటర్ స్టాపు. ఆవిడ ఎక్కితేగానీ నేను రైట్ రైట్ అనను.”

“ఒంటిగంట ట్రిప్పా?”

“ఆ. గొడుగు ఊపుకుంటూ ఒకటే పరుగు. అదీ మంచిదేలే, తర్వాతి ట్రిప్పంటే షో వదిలిన జనంలో నలిగిపోదూ?”

వాడు టీ ఊదుకుంటున్నాడు.

ఆ రూటు నాది. ఏళ్ల తరబడి నేను నడిపిన రూటు. ఒంటిగంట ట్రిప్పు థియేటర్ దాటేసరికి బస్సు సగం ఖాళీగా ఉంటుంది. తెరమీద ఇంకో అరగంట సినిమా ఉంటుంది. షో వదిలాక ఈలలు వేసుకుంటూ ఎక్కే జనమంతా ఆ తర్వాతి ట్రిప్పుకే. రెండింటికల్లా మందుల కౌంటర్లో ఉండాల్సిన మనిషికి ఆ ట్రిప్పు పనికిరాదు. ఇదంతా ఇంకే మొగుడికైనా తెలియకపోతే అర్థముంది. ఆ బస్సు తోలినవాడికి మూడు సినిమాలు అయిపోయేదాకా తట్టకపోవడం నాకే చెల్లింది.

ఆవిడ ఏ సినిమాకీ ముగింపు చూడలేదు.

“అన్నయ్యా, పంచదార సరిపోయిందా?” లోపల్నుంచి అడిగింది.

“సరిపోయిందమ్మా!”

“మీకో?”

“సరిపోయింది,” అన్నాను.

మర్నాడు గురువారం. నాలుగో సినిమాకి ముగింపు రోజు. సముద్రం ఒడ్డున దీపస్తంభం. దాన్ని కాసేది ఒక తండ్రి. దొంగసరుకు మోసే పడవలో వస్తున్నది ఆయన కొడుకు. దీపం వెలిగిస్తే పోలీసులకి పడవ కనపడుతుంది. ఆర్పేస్తే రాళ్లకి కొట్టుకుని పడవ మునుగుతుంది. ఆయన చెయ్యి స్విచ్చుమీద ఉంది.

“ఊ,” అన్నాను. “ఆర్పాడా?”

“ఆర్పాడా అంటే...”

ఆవిడ ఫ్యాను వంక చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు. ఇన్నాళ్లూ గుర్తుతెచ్చుకుంటోందనుకున్నాను. గుర్తుతెచ్చుకోవడానికి అక్కడ ఏమీ లేదు. ఆమె వెతుకుతోంది. కౌంటర్లో చీటీలు చూసి మాత్రలు కత్తిరిస్తూ వెతికి ఉంటుంది. ఇంటికొచ్చే బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడి వెతికి ఉంటుంది. సినిమా అంటేనే నిద్రపోయే మనిషి, ఎవరో తండ్రి దీపం ఆర్పకుండా కొడుకుని ఎలా బతికించుకుంటాడా అని వారం రోజులుగా బుర్ర బద్దలు కొట్టుకుంటోంది. ఎందుకయ్యా అంటే, నా మోకాలు వంగడానికి.

నేను మడమ వెనక్కి జరపడం మొదలుపెట్టాను. ఆమె చెయ్యి వెయ్యకముందే.

“తొందరేం లేదు,” అన్నాను. “నిదానంగానే చెప్పు.”

“ఆర్పలేదు,” అంది నెమ్మదిగా. “వెలిగించే ఉంచాడు. కానీ పైన ఉండలేదు. మెట్లన్నీ దిగాడు. రాళ్లమీదికెళ్లి, ఆ వెలుగు పడే చోట నిలబడ్డాడు.”

మోకాల్లో తలుపు కిర్రుమంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆపలేదు.

“కొడుక్కి రాళ్లు కనబడ్డాయి. రాళ్లమీద నాన్న కనబడ్డాడు. సరుకు నీళ్లలో పారేశాడు. పడవ తిప్పుకుని నాన్న దగ్గరికొచ్చాడు.”

“పోలీసులు?”

“ఉన్నారు. పట్టుకెళ్లారు. పట్టుకెళ్తే వస్తాడుగా ఎప్పటికైనా. మునిగిపోతే రాడు కదండీ.”

మూలనుంచి అమ్మ అంది. “అంతేనే అమ్మాయ్. కంటి ముందుంటే చాలు.”

మామూలు మాటలు ఆవిడకి సగమే వినపడతాయి. ఇది మాత్రం మొత్తం వినపడినట్టుంది.

“ఏవండీ!” మా ఆవిడ ఒక్కసారిగా వంగి నేలవంక చూసింది. “గీత! గీత ముందుకొచ్చేసింది చూడండి!”

గీత ఎక్కడికీ రాలేదు. నా మడమే దాన్ని దాటింది. చెప్పాలంటే అప్పుడే చెప్పొచ్చు, నీ సంగతి నాకు తెలిసిపోయిందని. ఆ మొహంలో వెలుగు చూసి నోరు మూసుకున్నాను.

పరీక్ష డిపో యార్డులో జరిగింది. డాక్టరు మోకాలు అటూ ఇటూ తిప్పి చూసి, బస్సెక్కమన్నాడు. ఇన్‌స్పెక్టరు పక్కన కూర్చున్నాడు. ఎడమకాలు ఎత్తి క్లచ్ మీద పెట్టి తొక్కాను. మోకాలు అరిచింది. నేను అరవలేదు. ఫస్ట్ గేరు పడింది. యార్డు చుట్టూ ఒక చుట్టు తిప్పి తెచ్చి, తీసిన చోటే ఆపాను. “రేపట్నుంచి రా,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. దిగి, ముందుగా ఫిజియోథెరపీ అమ్మాయికి ఫోన్ చేశాను. మనస్ఫూర్తిగా థాంక్స్ చెప్పి, ఆవేళ అరిచినందుకు ఏమీ అనుకోవద్దన్నాను.

“నేనేమీ అనుకోలేదండీ,” అంది. “మీకంటే గట్టిగా అరిచేవాళ్లు రోజుకొకరు తగులుతారు. మెట్లు ఒక్కొక్కటే ఎక్కండి.”

కాలు వంగాక కూడా సర్కస్ ఏనుగు సినిమా ఒకటి చెప్పించుకున్నాను. అది అయిదోది. డాక్టరు ఇంకా వ్యాయామం చెయ్యమన్నాడని అబద్ధమాడాను.

ఏడాది చివర మా డిపో విశ్రాంతి గదిలో ఒక ఆనవాయితీ ఉంది. సినిమా పిచ్చి ఉన్నవాడెవడైనా సరే, నిలబడి ఆ ఏడాది తనకి నచ్చిన అయిదు సినిమాలు చెప్పాలి. మిగతావాళ్లు వాణ్ణి చీల్చి చెండాడాలి. నా వంతు వచ్చింది. చెప్పాను, ముగింపులతో సహా.

గది గొల్లుమంది.

“ఏ గోదాం బావా?” అన్నాడు రైట్‌రైట్. “ఆఖరి అరగంట ఒకటే మంటలు కదా! నలుగుర్నీ లోపలే పెట్టి పేల్చేశాడు కదా మీసాలాయన!”

“నాకు తెలిసిన సినిమాలో పేల్చలేదు.”

“మరేం చేశాడు?”

“ఆసుపత్రికి తీసుకెళ్లాడు.”

కుర్చీల్లోంచి పడి పడి నవ్వారు. కాలికి కట్టు కడుతూ మెదడుకి కూడా కట్టేశారన్నాడొకడు. నవ్వనీ. నా అయిదూ నావే అన్నాను. గది ఖాళీ అవుతుంటే ఒక సీనియర్ డ్రైవరు, తమ్ముడితో ఆస్తి తగాదాల్లో ఉన్న మనిషి, నా పక్కనే ఆగి షూ లేసు కట్టుకున్నాడు. “ఆ మోటారు ఆపిన అక్క సంగతి,” అన్నాడు. “ఏదీ, ఇంకోసారి చెప్పు.”

తర్వాతి వారం మా ఆవిడకి సెలవు దొరికింది. దీపస్తంభం సినిమా మార్నింగ్ షోకి మళ్లీ వచ్చింది. వెళ్దాం పదమన్నాను.

“చూసిందే కదండీ.”

“నేను చూడలేదుగా.”

థియేటర్లో ఆమె మొదటి సీను నుంచి నిటారుగా కూర్చుంది. నిద్ర లేదు. తెరమీద తండ్రి స్విచ్చుమీద చెయ్యి వేశాడు. అలవాటైన ప్రాణం కదా, ఆవిడ చెయ్యి చీకట్లో తనంతట తానే గొడుగుని, సంచీని వెతుక్కుంది. సీట్లోంచి సగం లేచింది.

నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

“కూర్చో. ఇవాళ నీకు డ్యూటీ లేదు.”

తెరవెలుగులో ఆమె నా మొహంలోకి చూసింది. మెల్లగా కూర్చుంది.

“ఎలా తెలిసింది?”

“ఒంటిగంట ట్రిప్పు ఎవరి రూటనుకున్నావ్?”

“ఎప్పుడు తెలిసింది?”

“ఈ సినిమా ముగింపుకి ముందురోజు.”

“మరి నోరు మెదపలేదే!”

“ఆయన దీపం ఆర్పాడో లేదో నాకు తెలియొద్దూ?”

ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అప్పుడే తెరమీద తండ్రి స్విచ్చు నొక్కేశాడు. దీపం ఆరిపోయింది. రాళ్లు, కేకలు, తుపాకులు, మెట్లమీద పెద్ద ఫైటు.

“అదేంటి, ఆర్పేశాడు!” మా ఆవిడ పైకే అరిచింది. “పిల్లాడు మునిగిపోడూ?”

ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగాడు. “అమ్మా, కాస్త చూడనిస్తారా?”

“చూడండి బాబూ, చూడండి. మీరు చూసేది అదే అయితే!”

ఆ తర్వాత తెరమీద ఏం జరిగిందో నాకు సరిగా తెలియదు. నేను ఆవిడ వంకే చూస్తూ కూర్చున్నాను. లైట్లు వెలిగాక కూడా ఆ కోపం తగ్గలేదు. మెట్లు ఒక్కొక్కటే దిగుతూ, నా మోచెయ్యి పట్టుకుని, స్టాపు దాకా తిడుతూనే ఉంది.

“ఎక్కడైనా కన్నతండ్రి అలా చేస్తాడండీ?”

“చెయ్యడు,” అన్నాను. “ఏం చేస్తాడో నువ్వు చెప్పు.”

“తెలుసుగా మీకు.”

“మళ్లీ చెప్పు.”

ఒకసారి నా వంక చూసి, మెట్లన్నీ దిగాడు అంటూ మొదలుపెట్టింది. అంతలో బస్సు వచ్చి ఆగింది. షో వదిలిన జనం తోసుకుంటూ ఎక్కారు. ఎక్కుతారా అన్నట్టు కండక్టరు మావైపు చూశాడు.

వెళ్లమని చెయ్యి ఊపాను.